పాలపిట్ట దర్శనం: పక్షి విశ్వాసాలు, స్థానిక చరిత్ర స్మృతి – చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌ల నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

విజయదశమి నాటి సాయంత్రం ఊరి పొలిమేర దాటి పాలపిట్టను చూడటం తెలంగాణలో బలంగా నిలిచిన ఆచారం. ఈ ఆచారం వెనుక ఉన్న గ్రంథస్థ, మౌఖిక ఆధారాలను విడదీసి చూపటం, పొలిమేర లేని నగరప్రాంతంలో ఆ ఆచారం ఏ విధంగా తలకిందులయిందో నిరూపించటం ఈ వ్యాసం ఉద్దేశం. ఐర్లండు గ్రామీణ పక్షిగాథలతో పోలిక, ఆంధ్రప్రదేశ్‌లోని తేలినీలాపురం, వీరాపురం గ్రామాల ఉదాహరణలు ఈ చర్చకు తోడుగా తీసుకోబడ్డాయి. పక్షిని గూర్చిన విశ్వాసం పక్షిని గూర్చి మాత్రమే చెప్పదు. ఆ విశ్వాసాన్ని పాటించిన సమాజానికి ఉన్న నేలను, హద్దులను, రాజ్యస్మృతిని కూడా చెపుతుందన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: పాలపిట్ట, చాషము, శకునం, దసరా, జమ్మి, పొలిమేర, మౌఖిక చరిత్ర, హైదరాబాదు.

1. ప్రవేశిక

జానపద విజ్ఞానంలో పక్షులను సాధారణంగా శకునాల శీర్షిక కింద చేర్చి వదిలివేయటం పరిపాటి. కాకి అరిస్తే చుట్టం వస్తాడు, గుడ్లగూబ ఇంటిపై వాలితే కీడు, పాలపిట్ట కనిపిస్తే జయం అన్న జాబితాలు పాఠ్యగ్రంథాల్లో విరివిగా ఉన్నాయి. జాబితా వల్ల విశ్వాసం ఉన్నదని తెలుస్తుంది. అది ఎందుకు ఉన్నదో, ఎవరికి ఉన్నదో, ఎప్పుడు మారిందో తెలియదు. ఒక విశ్వాసాన్ని చరిత్రకు ఆధారంగా స్వీకరించాలంటే దాని కాలాన్నీ స్థలాన్నీ విడివిడిగా పరిశీలించవలసి ఉంటుంది.

పాలపిట్ట ఈ పరిశీలనకు అనువైన పక్షి. దీనికి సంస్కృత వాఙ్మయంలో ప్రాచీనమైన ఉనికి ఉంది. 19వ శతాబ్దపు పక్షిశాస్త్ర గ్రంథంలో తెలుగు పేరుతో సహా నమోదు ఉంది. మౌఖిక సంప్రదాయంలో కథ ఉంది. ప్రభుత్వ ఉత్తర్వులో రాష్ట్రచిహ్నంగా స్థానం ఉంది. వన్యప్రాణి చట్టంలో రక్షణ ఉంది. ఇన్ని రకాల ఆధారాలు ఒకే పక్షి చుట్టూ చేరటం అరుదు. ఇవన్నీ ఒకే మాట చెప్పటం లేదన్నదే ఇక్కడ గమనించవలసిన విషయం.

2. చాషము: గ్రంథస్థ సంప్రదాయం

సంస్కృతంలో ఈ పక్షికి చాషము, కికీదివి, నీలకంఠము అన్న పేర్లు ఉన్నాయి. అమరకోశం చాష, కికీదివి శబ్దాలను పర్యాయాలుగా చెప్పింది. ఇంతకంటె ప్రాచీనమైన ప్రస్తావన ఋగ్వేదం పదవ మండలంలోని 97వ సూక్తంలో ఉంది. ఓషధులను స్తుతించే ఆ సూక్తంలో, రోగాన్ని చాషంతో, కికీదివితో కలిసి ఎగిరిపొమ్మని కోరటం కనిపిస్తుంది. ఇక్కడ చాషం జయానికి సంకేతం కాదు. కీడును మోసుకొనిపోయే వాహనం. దసరా విశ్వాసానికి మూలం వేదంలో ఉన్నదని తేలికగా చెప్పే వ్యాఖ్యలు ఈ భేదాన్ని పట్టించుకోలేదు.

శకునశాస్త్రంలో పక్షి రూపం కంటె అది ఉన్న దిక్కు, కదలిక, సమయం ముఖ్యం. వరాహమిహిరుని బృహత్సంహిత శకునాలకు విస్తారమైన స్థానమిచ్చింది. శరత్తులో కనిపించే ఖంజనపక్షి, అనగా కాటుకపిట్ట, దర్శనఫలాన్ని గూర్చి అందులో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. వర్షాలు వెనుకబట్టి, దారులు ఆరి, రాజులు దండయాత్రకు సిద్ధపడే ఋతువులో ఒక పక్షిని చూసి ఫలం నిర్ణయించటం పాలపిట్టకే పరిమితం కాదని దీనివల్ల స్పష్టమవుతుంది. తులసీదాసు రామచరితమానసంలో సైతం చాషం శుభశకునంగా కనిపిస్తుంది. అయితే అది శ్రీరాముని పెండ్లికి తరలివెళ్ళే సందర్భంలో, ఎడమవైపున మేత మేస్తూ కనిపించే పక్షి. యుద్ధానికి పోయే రామునికి పాలపిట్ట కనిపించిందని దసరానాడు చెప్పుకొనే కథ వేరు.

తెలుగు సాహిత్యంలో శకునచర్చకు క్రీడాభిరామం మంచి ఆధారం. ప్రయాణానికి తగిన వేళ ఏది అన్న విషయంలో గార్గ్యుడు, బృహస్పతి, వ్యాసుడు మొదలైనవారి పేర్లతో వేర్వేరు మతాలను అందులో పేర్కొన్నారు. శకునాన్ని ప్రమాణంగా చెప్పిన మతం బృహస్పతిదిగా అక్కడ కనిపిస్తుంది. ఓరుగల్లు వీథుల్లో తిరిగే పాత్రల నోట ఈ చర్చ రావటం వల్ల, శకునం పండితుల గ్రంథాలకే పరిమితమై ఉండక పౌరజీవితంలో మాటల సందర్భంగా ఉండేదని ఊహించవచ్చు. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఇటువంటి కావ్యాలనే జనజీవనానికి సాక్ష్యాలుగా స్వీకరించారు. పక్షి విశ్వాసాల చరిత్రను నిర్మించటానికి ఆ పద్ధతి ఇప్పటికీ ఉపయుక్తం.

3. జెర్డన్ నమోదు: పాలు, ఈక, శకునం

పాలపిట్ట అన్న తెలుగు పేరును దాని వెనుక ఉన్న విశ్వాసంతో కలిపి ముద్రణలో నమోదు చేసినవారిలో టి. సి. జెర్డన్ ముఖ్యుడు. మద్రాసు ప్రెసిడెన్సీలో వైద్యునిగా పనిచేసి, నెల్లూరులో కొంతకాలం ఉన్న ఈయన 1862లో ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’ మొదటి సంపుటాన్ని వెలువరించాడు. ఈ పక్షి ప్రకరణంలో ఆయన చెప్పిన విషయాలు నాలుగు. మొదటిది: పాలు తక్కువగా ఇచ్చే ఆవుకు ఈ పక్షి ఈకలను తరిగి గడ్డిలో కలిపి పెడితే పాలు పెరుగుతాయన్న నమ్మకం వల్ల తెలుగులో దీనికి ఆ పేరు వచ్చింది. రెండవది: ఈ పక్షి శివునికి ప్రీతిపాత్రం, శివుడు దీని రూపం ధరించాడని ప్రతీతి. మూడవది: నాగపురంలో దసరానాడు రాజు ఫిరంగుల, తుపాకుల మోతల నడుమ ఈ పక్షిని విడిచిపెట్టేవాడు. నాలుగవది: ప్రయాణం మొదలుపెట్టగానే ఈ పక్షి అడ్డంగా పోతే అపశకునం.

ఈ నాలుగింటిని పక్కపక్కన పెడితే పాలపిట్ట ఎల్లవేళలా శుభమన్న నేటి అభిప్రాయం నిలవదు. ఒకే పక్షి ఒక సందర్భంలో శుభం, మరొక సందర్భంలో అశుభం. దసరా దర్శనం ఒక ప్రత్యేక తిథికి, ప్రత్యేక చర్యకు కట్టుబడిన మినహాయింపు. కాలక్రమంలో మినహాయింపు మిగిలి, మిగతా నియమం మరుగునపడింది.

పేరును గూర్చి కూడా ఒక ప్రశ్న మిగిలి ఉంది. పక్షి శరీరంలో పాలవన్నె ఎక్కడా ప్రధానంగా కనిపించదు. విశ్వాసం వల్ల పేరు వచ్చిందా, పేరును వివరించటానికి విశ్వాసం పుట్టిందా అన్నది జెర్డన్ చర్చించలేదు. జానపద నిరుక్తులు అనేక సందర్భాల్లో పేరు తరువాత పుట్టినవే. అయినా ఈ నిరుక్తి ఒక సంగతి రూఢిగా చెపుతుంది: 19వ శతాబ్దం మధ్యభాగానికి తెలుగునాట ఈ పక్షి రాజ్యజయానికి కాక పాడికి సంబంధించిన పక్షిగా కూడా ప్రసిద్ధం. పాడి సంపద గల రైతుకు ఒక పాలపిట్ట, దండు కదిలించే రాజుకు మరొక పాలపిట్ట ఉండేవన్నమాట. దసరా ఆచారంలో నేడు నిలిచినది రెండవది. మొదటిదానికి సాక్ష్యం దాని పేరులో మాత్రమే మిగిలింది.

తుపాకుల మోతకు మరొక ప్రయోజనం ఉంది. ఈ పక్షి కొమ్మపైన గాని, తీగపైన గాని కదలక కూర్చున్నప్పుడు గోధుమవన్నెతో సామాన్యంగా కనిపిస్తుంది. రెక్క విప్పినప్పుడే ముదురు, లేత నీలాలు మెరుస్తాయి. పక్షిని కొనలేనివారు తుపాకి పేల్చి దాన్ని ఎగిరేటట్లు చేసేవారని కూడా జెర్డన్ రాశాడు. చూడవలసినది కూర్చున్న పక్షిని కాదు, ఎగిరే పక్షిని అన్న భావం ఈ ఆచారంలో అంతర్లీనంగా ఉంది. ఈ అంశం తరువాతి చర్చకు కీలకం.

4. కథ, జమ్మి, స్థానికత

అజ్ఞాతవాసం ముగిసి పాండవులు తిరిగివస్తుండగా పాలపిట్ట కనిపించిందని, అప్పటినుంచి వారికి విజయాలు కలిగాయని తెలంగాణలో చెప్పుకొంటారు. విరాటపర్వంలో శమీవృక్షానికి ఉన్న స్థానం అందరికీ తెలిసినదే. ఆయుధాలను మూటగట్టి శవంవలె ఆ చెట్టుకు వేలాడదీసిన వృత్తాంతం తిక్కన భారతం ద్వారా తెలుగువారికి సుపరిచితం. పాలపిట్ట ప్రసక్తి మాత్రం ప్రధానంగా మౌఖిక సంప్రదాయంలో జీవిస్తున్నది. గ్రంథంలోని చెట్టు, నోటిమాటలోని పక్షి కలిసి ఒకే సాయంత్రపు ఆచారంగా రూపొందాయి. ఊరివారు పొలిమేరకు పోయి జమ్మిని పూజించి, ఆకును బంగారమని ఒకరికొకరు ఇచ్చుకొని, పెద్దల కాళ్ళకు మొక్కి, అలాయ్ బలాయ్ తీసుకోవటం ఈ ఆచార క్రమం.

పాండవుల పేరుతో స్థలాలను గుర్తించటం తెలంగాణలో విస్తృతంగా ఉంది. భూపాలపల్లి ప్రాంతంలోని పాండవుల గుట్టల్లో చరిత్రపూర్వ యుగపు శిలాచిత్రాలు ఉన్నాయి. ఆ బొమ్మలు గీసినవారి పేర్లు ఎవరికీ తెలియవు. స్థానికులు ఆ గుట్టలకు పాండవుల పేరు పెట్టుకొన్నారు. తెలియని గతాన్ని తెలిసిన కథతో గుర్తుపెట్టుకోవటం మౌఖిక చరిత్ర పద్ధతి. పాలపిట్ట కథ కూడా ఈ కోవలోనిదే. పాండవులు ఎక్కడో తిరగలేదు, మా పొలిమేరలోనే తిరిగారు. వారు చూసిన పక్షినే మేము చూస్తున్నాము అన్న భావన ఊరికి చరిత్రలో చోటు కల్పిస్తుంది.

పక్షివేటను గూర్చిన మరొక స్మృతి పిట్టలదొర ప్రదర్శనలో ఉంది. పాత ఖాకీ కోటు, టోపీ, చెక్క తుపాకి ధరించి లేని గొప్పలు చెప్పే ఈ కళారూపానికి తుపాకి రాముడు, లత్కోరు సాబు అన్న పేర్లు కూడా ఉన్నాయి. దొరల, అధికారుల వేట దర్పాన్ని అది వెక్కిరింతగా మార్చింది. నిజాం కాలపు అధికార స్వరూపాన్ని గ్రామీణులు ఎట్లా చూశారో తెలుసుకోవటానికి ఇది విలువైన ఆధారం. బుడబుక్కలవారు వేకువజామున పక్షుల పలుకును బట్టి జోస్యం చెప్పటాన్ని ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన ‘కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’లో వర్ణించాడు. పక్షిని చూడటం, పక్షిని వినటం, పక్షిని కొట్టటం అన్న మూడు పనుల చుట్టూ మూడు భిన్నమైన సామాజిక వర్గాల జీవితం అల్లుకొని ఉంది.

5. ఐర్లండుతో పోలిక

పక్షిగాథ స్థానిక చరిత్రను మోసుకొనివచ్చే తీరుకు ఐర్లండు మంచి ఉదాహరణ. అక్కడ డిసెంబరు 26న రెన్ అనే చిన్న పక్షిని వేటాడి, కర్రకు కట్టి ఊరేగించే ఆచారం ఉండేది. అంత చిన్న పక్షిపై అంత కోపం ఎందుకన్న ప్రశ్నకు జనం చెప్పే కథ ఇది: ఐర్లండు సైనికులు నిద్రిస్తున్న శత్రువులపై దాడికి పోతుండగా ఈ పిట్ట డప్పుపైన వాలి ముక్కుతో కొట్టింది, శత్రువులు మేల్కొన్నారు, ఓటమి కలిగింది. ఆ శత్రువు ఎవరన్నది మాత్రం కథకు కథకు మారుతుంది. ఒకచోట సముద్రం మీద వచ్చిన వైకింగులు, మరొకచోట క్రామ్‌వెల్ సేన, ఇంకొకచోట విలియం రాజు సేన. పక్షి ఒక్కటే, దానిపై ఆనించిన ఓటమి చెప్పేవారి చరిత్రను బట్టి వేరు. 1691 నాటి లిమరిక్ సంధి తరువాత దేశం విడిచి ఐరోపా సైన్యాల్లో చేరిన ఐరిష్ సైనికులను ‘అడవి బాతులు’ అన్న అర్థం వచ్చే పేరుతో పిలవటం కూడా ఇటువంటిదే. వలసపక్షి పేరు వలసపోయిన మనుషుల పేరయింది.

తెలంగాణ కథలో పక్షి విజయానికి, ఐర్లండు కథలో ఓటమికి గుర్తు. భేదం ఇంతమాత్రమే కాదు. ఐర్లండులో ఆ కథలు నేడు పరిశోధకులకు అందుబాటులో ఉండటానికి కారణం ఒక సేకరణ. 1937-39 మధ్య ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ సుమారు 5,000 పాఠశాలల్లోని 50,000 మంది విద్యార్థులచేత తమ ఇళ్ళలో, ఇరుగుపొరుగులో పెద్దలు చెప్పిన విషయాలను రాయించింది. పక్షులు, బావులు, కోటలు, కరవులు, స్థలనామాలు అన్నీ అందులో చేరాయి. పిల్లవాడు, చెప్పిన పెద్ద, ఊరు అన్న మూడు వివరాలతో ఒక విశ్వాసం నమోదు కావటం వల్లనే శత్రువు ఎక్కడ ఎవరయ్యాడో పోల్చి చెప్పటం సాధ్యమయింది.

తెలుగులో 1950ల్లో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై చేసిన పరిశోధన విశ్వవిద్యాలయ స్థాయిలో ఈ రంగానికి పునాది వేసింది. వరంగల్లులోని జానపద గిరిజన విజ్ఞానపీఠం ప్రదర్శన కళలను, కులపురాణాలను సేకరించింది. అయితే ఈ కృషిలో గేయం, గాథ, ప్రదర్శన ప్రధానం. రెండు మూడు వాక్యాల్లో ముగిసే పక్షి విశ్వాసానికి గేయానికి ఉన్న గౌరవం దక్కలేదు. ఇదే కాలానికి ముందు, 1931-32లో సలీం అలీ నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1933-34లో అది వెలువడింది. సంస్థానపు పక్షులకు ఒక లెక్క ఏర్పడింది. ఆ పక్షులను గూర్చి సంస్థాన ప్రజలు ఏమనుకొన్నారన్న లెక్క దానికి జతపడలేదు.

6. పల్లి, గూడ, నగరు: పొలిమేర ఏమయింది?

హైదరాబాదు నగరంలో పక్కపక్కన ఉన్న చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేర్లు స్థలనామ పరిశోధకునికి ఒక క్రమాన్ని సూచిస్తాయి. పల్లి, గూడ అన్నవి ఊరి వాచకాలు. నగర్ ఆధునిక నివాసప్రాంతానికి పెట్టే పేరు. పొరుగున ఉన్న బాగ్‌లింగంపల్లి పేరులో తోట, పల్లె రెండూ ఉన్నాయి. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562లో కట్టిన హుస్సేన్‌సాగర్ దిగువన ఈ ప్రాంతం ఉంది. చెరువు మిగులునీటి కాలువ అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి మీదుగా మూసీవైపు పోతుంది. కాలువ ఉంది, పేర్లు ఉన్నాయి. పల్లెకు ఉండవలసిన పొలిమేర లేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్డు నుంచి నారాయణగూడ చౌరస్తా వరకు ఎక్కడ ఏ ఊరు ముగిసి ఏ ఊరు మొదలవుతుందో గుర్తించటం దుకాణాల పేరు పలకల వల్లనే సాధ్యం.

దసరా ఆచారానికి పొలిమేర అనివార్యం. దీనికే దక్కనులో సీమోల్లంఘనమని పేరు. సీమ అనగా హద్దు. రాజు రాజ్యపు హద్దును, ఊరివారు ఊరి హద్దును దాటి తిరిగిరావటం ఈ పండుగలోని చర్య. పొలిమేర అవతల పంట ఎదిగిన చేలు, బీడు, చెరువుకట్ట, తాటిచెట్లు ఉంటాయి. పాలపిట్ట ఉండేదీ అక్కడే. ఎత్తయిన కొమ్మ నుంచి నేలపైని మిడతలను, పురుగులను కనిపెట్టి పట్టుకోవటం దాని జీవనవిధానం. తాటి మోడుల తొర్రల్లో, చెట్ల తొర్రల్లో గూడు కట్టుకొంటుంది. ఆశ్వయుజంలో చేనివైపు పోయినవారికి అది కనిపించటం ఆశ్చర్యం కాదు. ఊరి ఉమ్మడి భూమిని ఏడాదికొకసారి ఊరంతా కలిసి తిరిగి చూసుకొనే సందర్భం దసరా సాయంత్రం. హద్దురాయి ఉందో లేదో, కట్ట తెగిందో లేదో, జమ్మి నిలిచిందో ఎండిందో తెలిసేది అప్పుడే. పాలపిట్ట కనిపిస్తే జయమన్న మాటలో ఊరి నేల బాగున్నదన్న సమాచారం ఇమిడి ఉంది.

7. దర్శనం నుంచి ప్రదర్శనకు

పొలిమేర పోయినా పండుగ పోలేదు. పక్షి ఉన్నచోటికి మనుషులు పోవటం అసాధ్యమయినప్పుడు పక్షినే మనుషులున్నచోటికి తేవటం మొదలయింది. హైదరాబాదులో దసరా సమయంలో పంజరాల్లో పాలపిట్టలను తెచ్చి డబ్బు తీసుకొని చూపించటం, అటవీశాఖవారు, జంతుసంరక్షణ కార్యకర్తలు వాటిని స్వాధీనం చేసుకోవటం వార్తాపత్రికల్లో పలుమార్లు వచ్చిన విషయం. పండుగకు ముందే పట్టి, కాళ్ళు కట్టి, ఎగరకుండా రెక్కలు కత్తిరించి, లేదా జిగురుతో అంటించి తెచ్చిన పక్షులు వీటిలో ఉన్నాయి. సజీవమైన పురుగులను తిని బతికే ఈ పక్షి పంజరంలో నిలదొక్కుకోవటం కష్టం. విడిచినా రెక్క పనిచేయనిది బతకదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలో చంపటమే కాదు, పట్టటం, వల వేయటం కూడా చేరి ఉన్నాయి. ఆ ప్రకారం పంజరంలోని పాలపిట్ట వేటకు గురయిన పక్షి. చట్టపరమైన ఈ అంశంతోపాటు ఆచారపరమైన అంశం ఒకటి ఉంది. శకునానికి మూలసూత్రం అప్రయత్నం. శకునం తనంత తాను ఎదురుకావాలి; ఏర్పాటు చేసుకొన్నది శకునం కాదు. డబ్బు ఇస్తే తప్పక కనిపించే పక్షిలో జయాపజయాల సూచనకు తావు లేదు. పైగా చూడవలసినది ఎగిరే పక్షి అన్న పాత భావానికి రెక్కలు కత్తిరించిన పక్షి పూర్తిగా విరుద్ధం.

నాగపురం రాజు కూడా పట్టిన పక్షినే విడిచాడు కదా అన్న ఆక్షేపణ రావచ్చు. బెంగాలులో దుర్గాప్రతిమను నిమజ్జనం చేసే వేళ కొన్న పక్షిని విడిచేవారన్న నమోదు కూడా ఉంది. పట్టటం ఆధునిక కాలపు దోషం మాత్రమే కాదన్నది ఒప్పుకోవలసిన సత్యం. అయితే ఆ ఆచారాలు రెండూ విడుదలతో ముగుస్తాయి. పక్షి ఎగిరిపోవటమే అక్కడి ఫలం. నగరపు పంజర ప్రదర్శనలో విడుదల లేదు. ఒక వీథిలో చూపిన పక్షిని మరొక వీథిలో చూపవలసి ఉంటుంది. రాజాస్థానపు ఆచారంలోని బంధనం, గ్రామాచారంలోని దర్శనం కలిసి, రెండింటిలోని ప్రధానాంశాలు లోపించిన మూడవ రూపం ఏర్పడిందని చెప్పవచ్చు. ఇందులో పక్షులు పట్టేవారిని మాత్రమే దోషులుగా చూపటం చరిత్రకు న్యాయం కాదు. తరతరాలుగా పిట్టలు పట్టి బతికిన సమూహాలకు చట్టం వృత్తిని నిషేధించింది. నగరం ఏడాదికొకసారి అదే వృత్తికి గిరాకీ కల్పించింది.

8. రాష్ట్రపక్షి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు పాలపిట్టే రాష్ట్రపక్షి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తరువాత, అదే సంవత్సరం నవంబరులో ప్రభుత్వం పాలపిట్టను, జింకను, జమ్మిని, తంగేడును రాష్ట్రచిహ్నాలుగా ప్రకటించింది. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎన్నుకొన్నది. కర్ణాటక, ఒడిశా రాష్ట్రాలకు కూడా పాలపిట్టే రాష్ట్రపక్షి. పక్షి మారలేదు, కాని తెలంగాణలో దాని అర్థం మారింది. ఉమ్మడి రాష్ట్రంలో అది చిహ్నాల పట్టికలో ఒక పేరు. కొత్త రాష్ట్రంలో జమ్మితో, బతుకమ్మ పువ్వు తంగేడుతో కలిసి రావటం వల్ల అది దసరాకు, దసరా ద్వారా ఉద్యమ విజయానికి ముడిపడింది. పాండవుల అజ్ఞాతవాసం ముగిసిన కథకు సమకాలీన రాజకీయార్థం సహజంగా చేకూరింది.

ఈ మార్పు సాగుతున్న స్థలాల్లో అశోక్‌నగర్ ఒకటి. పోటీపరీక్షల శిక్షణ కేంద్రాలకు, వసతిగృహాలకు పేరుపొందిన ఈ ప్రాంతంలో, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో జిల్లాలన్నింటి నుంచి వచ్చిన యువతీయువకులు చదువుకొంటారు. తెలంగాణ చరిత్ర, సంస్కృతి వారి పాఠ్యప్రణాళికలో భాగం. రాష్ట్రపక్షి ఏది అన్న ప్రశ్నకు జవాబు వారందరికీ కంఠస్థం. జవాబు రాసేవారిలో చాలామంది ఊళ్ళలో ఆ పక్షిని దసరానాడు చూసినవారే లేదా చూసిన తల్లిదండ్రులు గలవారే. పరీక్షకు అవసరమైనది పేరు. వారి ఇళ్ళలో ఉన్న కథ పరీక్షకు అవసరం లేదు. స్మృతి చిహ్నంగా మారినప్పుడు వివరం ఊడిపోవటానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం దొరకదు.

ఇక్కడ ఒక ఆందోళనకరమైన విషయం ఉంది. 2023 నాటి ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 30 శాతం లేదా అంతకు మించి తగ్గిన 14 జాతులను అంతర్జాతీయ స్థాయిలో పునఃపరిశీలించాలని సూచించింది. ఆ జాబితాలో పాలపిట్ట ఉంది. సాధారణంగా కనిపించే పక్షి కనుకనే ఊరంతా పొలిమేరకు పోయి చూడగలిగింది. అరుదయిన పక్షిపై అటువంటి ఆచారం నిలవదు. పక్షి తగ్గినకొద్దీ చూడటానికి డబ్బు ఇవ్వవలసిన అవసరం పెరుగుతుంది. పట్టినకొద్దీ పక్షి ఇంకా తగ్గుతుంది.

9. ఆడపడుచులయిన పక్షులు

విశ్వాసం పక్షికి హాని చేస్తుందని తేల్చటం తొందరపాటు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి సమీపంలోని తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటా వలసవచ్చి ఊరి చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని పోతాయి. గ్రామస్థులు వాటిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులుగా భావిస్తారు. అవి రాని ఏడు ఊరికి మంచిది కాదని నమ్మకం. చిలమత్తూరు సమీపంలోని వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఇళ్ళ నడుమ ఉన్న చింతచెట్లపైనే గూళ్ళు కట్టుకొంటాయి. నెల్లూరు ప్రాంతంలోని నేలపట్టు చెరువులో పక్షుల రెట్ట కలిసిన నీరు పొలాలకు ఎరువుగా పనికివస్తుందని రైతులకు అనుభవంవల్ల తెలుసు. 1976లో అది సంరక్షణ కేంద్రమయింది.

ఈ గ్రామాల్లో విశ్వాసం పక్షికి రక్షణగా పనిచేయటానికి కారణం స్పష్టం. అక్కడ పక్షికి ఉన్నది బంధుత్వం. ఆడపడుచు తనంత తాను రావాలి, తనంత తాను పోవాలి. ఆమెను కట్టివేసి చూపించటం ఊహకు అందదు. పక్షి వచ్చే చెట్టు ఊరిలోనే ఉంది కనుక చెట్టును కాపాడటం ఊరి బాధ్యత. పాలపిట్ట విషయంలో నగరవాసికి చెట్టూ లేదు, చేనూ లేదు. ఫలం ఒక్కటే మిగిలింది. నేలతో సంబంధం ఉన్నంతవరకు విశ్వాసం రక్షణ. నేల నుంచి వేరయినప్పుడు అదే విశ్వాసం సరుకు.

10. ముగింపు: సేకరణ ఆవశ్యకత

పై చర్చ వల్ల తేలిన విషయాలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు. పాలపిట్ట శుభత్వం సార్వకాలికం కాదు. గ్రంథాల్లో, 19వ శతాబ్దపు నమోదుల్లో అది సందర్భాన్ని బట్టి మారింది. పాడికి సంబంధించిన విశ్వాసం మరుగునపడి, జయానికి సంబంధించినది మిగిలింది. దసరా దర్శనం ఊరి పొలిమేరను తిరిగి చూసుకొనే ఆచారంలో భాగం. పొలిమేర నశించిన నగరంలో అది పంజర ప్రదర్శనగా తలకిందులయింది. రాష్ట్రచిహ్నంగా పక్షికి గౌరవం పెరిగిన కాలంలోనే దాని సంఖ్య తగ్గుతూ వచ్చింది.

ఈ నిర్ధారణలను జిల్లాలవారీగా పరీక్షించటానికి వివరమైన సేకరణ అవసరం. పక్షిని చూసినది రామునిగా చెప్పే ఊళ్ళు ఏవి, పాండవులుగా చెప్పే ఊళ్ళు ఏవి, కులాన్ని బట్టి కథ మారుతున్నదా, స్త్రీలు చెప్పే కథకు పురుషులు చెప్పే కథకు భేదముందా, ఈకకు పాలకు ముడిపెట్టిన నమ్మకం ఎక్కడయినా మిగిలి ఉన్నదా అన్నవి ప్రశ్నలు. ఇందుకు పెద్ద వ్యయం అక్కరలేదు. నారాయణగూడలోని మాడపాటి హనుమంతరావు బాలికల ఉన్నత పాఠశాల వంటి తెలుగు చదువుల చరిత్ర గల సంస్థలు, చుట్టుపక్కల డిగ్రీ కళాశాలల తెలుగు శాఖలు ఐర్లండు పద్ధతిలో విద్యార్థులచేత ఇంటి పెద్దల మాటలను రాయించవచ్చు. అశోక్‌నగర్ వసతిగృహాల్లో, చిక్కడపల్లి గ్రంథాలయంలో 33 జిల్లాల నుంచి వచ్చినవారు ఒకే చోట దొరుకుతారు. చెప్పినవారి ఊరు, వయసు, విన్న సందర్భం నమోదు చేస్తే చాలు; చెప్పినవారి పేరు ప్రకటించవలసిన అవసరం లేదు.

ఈ పనికి గడువు ఉంది. పొలిమేర దాటి పాలపిట్టను చూసిన అనుభవం గల తరం వృద్ధాప్యంలో ఉంది. నగరంలో పుట్టిన తరానికి ఆ పక్షి పంజరంలోనో, పాఠ్యపుస్తకంలోనో పరిచయం. ఈ రెండు తరాలు ఒకే ఇంట్లో ఉన్న కాలం ఇది. అడిగేవారుంటే చెప్పేవారు ఇంకా ఉన్నారు.